కాగితమంత కవచం



నేను విశాఖపట్నంలో మోటారుసైకిళ్లకు రంగులు వేసే మేస్త్రీని. పాతికేళ్లకు పైగా ఇదే పని. నా షెడ్డుకు వచ్చే బళ్లలో గుద్దుకుని వచ్చేవి కొన్నే. వాటికంటే ఎక్కువ, యజమాని ప్రాణంలా చూసుకున్న బళ్లు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. అందుకని ముందు ఒక బండి సంగతి చెబుతాను.

నిరుడు ఎండాకాలంలో ఒక రిటైరైన మాస్టారు తన బండి తీసుకొచ్చారు. కొని మూడేళ్లు. కిలోమీటర్లు చూస్తే పెద్దగా తిరగలేదు. మనవడు కాలేజీలో చేరుతున్నాడట, వాడికిచ్చే ముందు ఒకసారి పాలిష్ పెట్టించాలని వచ్చారు. ట్యాంకు మీద రెక్సిన్ కవరు. దాని కింద, షోరూమ్ నుంచి వచ్చినప్పుడు ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర, అదీ తియ్యలేదు. రాత్రుళ్లు మొత్తం బండి మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పేవారు. పొద్దున్నే లేచి పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచేవారు. ఒక్కరోజు కూడా మానలేదని చెప్పారు.

కవరు విప్పాం. ప్లాస్టిక్ పొర ఎండకు కాలి, జిగురు రంగుకు అంటుకుపోయింది. గోటితో లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. పొర ఉన్న చోట రంగు ఒక తీరు, లేని చోట ఒక తీరు. కవరు అంచు కుట్టు ఆనిన చోటల్లా రంగు అరిగి తెల్లటి గీత పడింది. ట్యాంకు వెనక భాగంలో, సీటు కిందికి పోయే చోట, కవరు బిగించిన తాడు దగ్గర చిన్న చిన్న పొక్కులు. వేలితో నొక్కితే రంగు పెచ్చులా ఊడింది. లోపల తుప్పు. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు ఆ పొక్కుల వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన చేసినదంతా ప్రేమతో చేసినదే. ఎవరూ ఆయనకు సరైన మాట చెప్పలేదు, అంతే. ఆ రోజే అనుకున్నాను, అవకాశం వస్తే ఈ సంగతి నలుగురికీ చెప్పాలని.

మా నాన్న హిందూస్థాన్ షిప్‌యార్డులో పెయింటరు. అదే యార్డు, 1948లో నెహ్రూ గారు వచ్చి జల ఉష ఓడను నీళ్లలోకి దించినది. నా చిన్నప్పుడు నాన్న చేతుల మీద ఎప్పుడూ ఎర్రటి మరకలు ఉండేవి. ఇనుము మీద మొదట పూసే ప్రైమరు మరకలవి. ఆ రోజుల్లో అందులో సిందూరం, అంటే సీసం కలిసిన ఎర్రటి పొడి, కలిపేవారు. అది మనిషికి విషమని తెలిశాక వాడకం తగ్గిపోయింది. నాన్న ఒక మాట అనేవారు: ఓడకు రంగు వేసేది అందానికి కాదురా, ఉప్పునీళ్లు ఇనుమును ముట్టుకోకుండా మధ్యలో ఒక గోడ కట్టడానికి. బండి రంగు కూడా అంతే. మనం దాన్ని సోకు అనుకుంటాం. ఎరుపు కావాలా, నలుపు కావాలా అని చూస్తాం. అసలు ఆ రంగు చేసే పని ఇనుప రేకుకు గాలీ నీరూ తగలకుండా చూడటం.

ఆ గోడ ఎంత మందమో తెలుసా? ఇంట్లో పిల్లలు ప్రింటు తీసే తెల్ల కాగితం ఒకటి చేతిలోకి తీసుకోండి. ఇంచుమించు అంతే. మిల్లీమీటరులో పదో వంతు. మా భాషలో 100 మైక్రాన్లు. అంత పల్చటి దాంట్లోనే నాలుగు పొరలుంటాయి. ముందు రేకును మందు నీళ్లలో ముంచి ఫాస్ఫేటు పట్టిస్తారు, రంగు పట్టు కోసం. దాని మీద ప్రైమరు. ఫ్యాక్టరీల్లో దీన్ని బ్రష్షుతో పూయరు. రేకును తొట్టెలో ముంచి కరెంటు పెడతారు. అప్పుడు సందుగొందుల్లోకి కూడా ప్రైమరు పాకుతుంది. దాని మీద మీరు చూసే రంగు. అన్నిటికీ పైన క్లియర్ కోటు, రంగులేని గాజులాంటి పొర. మెరిసేది అదే. ఎండను కాచుకునేదీ అదే. మొత్తం మందంలో దాని వాటా సగం కూడా ఉండదు చాలా బళ్లకు.

అంటే మీరు రోజూ తుడిచేది, రుద్దేది, పాలిష్ పెట్టేది అర కాగితమంత పొరని. దాన్ని మనం ఎంతకాలం నిలుపుకుంటామో, కింద రంగు అంతకాలం నిలుస్తుంది.

ఇప్పుడు పొడి గుడ్డ సంగతి. మన ఊళ్లలో పొద్దున్నే ఏ వీధిలోకి వెళ్లినా కనిపించే దృశ్యం, సీటు కింద నుంచి ఒక పాత బనీను ముక్క తీసి ట్యాంకును ఒక్క దులుపు దులిపి, కిక్కు కొట్టి వెళ్లిపోవడం. బండికి చేసే హానిలో ఇదే మొదటిది అంటాను నేను. రోడ్డు దుమ్ములో ఉండేది మెత్తటి మట్టి ఒక్కటే కాదు. అందులో ఇసుక ఉంటుంది. ఇసుక అంటే క్వార్ట్జ్, గాజు కంటే గట్టిది. క్లియర్ కోటు దాని ముందు వెన్న. పొడి గుడ్డకూ ట్యాంకుకూ మధ్య ఆ ఇసుక రేణువులు పడితే అది గుడ్డ కాదు, ఎమరీ పేపరు. ఒక్కరోజుకు ఏమీ కనిపించదు. ఆరు నెలల తర్వాత సాయంత్రపు ఎండలో ట్యాంకును పక్క నుంచి చూడండి. సాలెగూడులా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తాయి. నల్ల బండి అయితే ఇంకా స్పష్టంగా. ఆ గీతలు ఎవరో పోకిరీ గీసినవి కావు. మన చేతులే గీసినవి.

ఆ బనీను ముక్క మరీ ప్రమాదం. నిన్న దానితో చైను తుడిచి ఉంటాం, మొన్న కింద పడి ఉంటుంది. సీటు కింద పెట్టిన గుడ్డలో మూడు నెలల ఇసుక ఉంటుంది.

మరి దుమ్ము పట్టిన బండిని ఏం చెయ్యాలి? టైము లేకపోతే అలాగే వదిలెయ్యండి. నిజంగానే చెబుతున్నాను. దుమ్ము దానంతట అది రంగును ఏమీ చెయ్యదు. రుద్దితేనే చేస్తుంది. కడగడానికి ఆదివారం వరకు ఆగండి. సీటూ అద్దమూ తుడుచుకుని బయల్దేరండి.

కడిగేటప్పుడు ముందు ఇంజను చల్లారనివ్వండి. నీడలో కడగండి. మొదట నీళ్లు ఒక్కటే ధారగా పొయ్యండి, చెయ్యి పెట్టకుండా. ఇసుక చాలావరకు ఆ ధారతోనే జారిపోతుంది. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో బండ్లకు అమ్మే షాంపూ కలిపిన నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. మెత్తటి స్పాంజి లేదా మైక్రోఫైబర్ గుడ్డ షాంపూ నీళ్లలో ముంచి, పై నుంచి కిందికి తుడవాలి. ఒక్కో భాగం అయ్యాక గుడ్డను ఉత్త నీళ్ల బకెట్లో పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. ఆ ఉత్త నీళ్ల బకెట్ అడుగున ఎంత ఇసుక చేరుతుందో ఒక్కసారి చూస్తే చాలు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చక్రాలకూ చైనుకూ ఆ గుడ్డ వాడకూడదు. వాటికి వేరే గుడ్డ.

బట్టల సబ్బు పొడితో కడిగేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ పొడి జిడ్డునూ మురికినీ వదిలించడానికి చేసినది. బండి మీద ఉన్న మైనపు పొరను కూడా ఒక్క ఉతుకుతో ఊడదీస్తుంది. గిన్నెలు తోమే పీచు సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాగే వాటర్ సర్వీసింగ్ దగ్గర ఇంజను మీద, ప్లాస్టిక్ మీద డీజిలు కొట్టి మెరుపు తెప్పిస్తారు. వద్దని చెప్పండి. ఆ మెరుపు రెండు రోజులు. ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుని ముద్దవుతుంది, రబ్బరు భాగాలు ఉబ్బుతాయి. డబ్బులిచ్చేది మనమే కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఇంకోటి, బోరు నీళ్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల బోరు నీళ్లు కఠిన జలం. బకెట్ చుట్టూ, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది చూడండి, ఆ సున్నమే ట్యాంకు మీద కూడా పేరుకుంటుంది. ఎండలో కడిగి ఆరబెడితే ఒక్కో నీటి బొట్టూ ఒక్కో తెల్లమచ్చ వదిలి వెళుతుంది. వేడికి అది గట్టిపడితే రుద్దితే గానీ పోదు. రుద్దితే గీతలు. అందుకే కడిగిన వెంటనే తడి పీల్చే మెత్తటి గుడ్డతో అద్ది తుడవాలి. అద్ది అన్నాను, రుద్ది అనలేదు.

ఇవన్నీ కంటికి కనిపించే చోట్లు. తుప్పు మొదలయ్యేది కనిపించని చోట. నా దగ్గరకు వచ్చే ఇనుప మడ్‌గార్డుల్లో పైన పొక్కు కనిపించేసరికి, కింది నుంచి రేకు సగం పోయి ఉంటుంది. కారణం మట్టి. మడ్‌గార్డు లోపల, చక్రం చిమ్మిన బురద అతుక్కుని ఎండుతుంది. ఎండిందని మనం అనుకుంటాం. పై పొర ఎండుతుంది, రేకుకు ఆనిన పొర రోజుల తరబడి చెమ్మగానే ఉంటుంది. నల్లరేగడి అయితే మరీను. గోదావరి జిల్లాల్లో పొలం గట్ల మీద తిరిగే బళ్లకు, వరి నాట్ల రోజుల్లో, మడ్‌గార్డు కింద చేరే బురద కిలోల్లో ఉంటుంది. ఆ తడి మట్టి రేకుకు పట్టీ వేసినట్టు పట్టుకుని కూర్చుంటుంది. చిన్న రాయి తగిలి ప్రైమరు లేచిన చోటు ఒక్కటి దొరికితే చాలు.

ఇనుము తుప్పు పడితే అది ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కొన్ని రెట్లు. రంగు కింద ఆ చోటు ఎక్కడుంది? అందుకే రంగును పైకి ఎత్తుతుంది. మనకు కనిపించే పొక్కు అదే. ఎత్తిన చోట సందు పడుతుంది, ఆ సందులోకి మళ్లీ నీరు వెళుతుంది, పక్కనున్న ఇనుము తుప్పు పడుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. కాబట్టి వర్షాకాలంలో బండి కడిగేటప్పుడు ట్యాంకుకు పెట్టే శ్రద్ధలో సగం మడ్‌గార్డు కింద పెట్టండి. బండిని మెయిన్ స్టాండు వేసి, పైపు కింది నుంచి పైకి పట్టి మట్టంతా కరిగి పోయేదాకా కడగండి. సైలెన్సరు వెనక, చీర గార్డు అతుకుల దగ్గర, స్టాండు స్ప్రింగు దగ్గర, నంబరు ప్లేటు వెనక కూడా. కొత్త బండి తీసుకున్నప్పుడే మడ్‌గార్డు కింద యాంటీ రస్ట్ కోటింగు వేయించుకుంటే మంచిదే. షోరూముల్లో అమ్మే అదనపు సామాన్లలో నేను గట్టిగా సమర్థించేవి రెండే, మొదటిది ఇది. రెండోది, ముందు మడ్‌గార్డుకు వేలాడే రబ్బరు ఫ్లాపు. దాని ధర తక్కువ. ఇంజను ముందు భాగాన్నీ చాసిస్ గొట్టాన్నీ రాళ్ల దెబ్బల నుంచి కాపాడుతుంది.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇంకో శత్రువు ఉంది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

సముద్రపు గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర ఉంటుంది. బండి మీద అది వాలుతుంది. ఆ ఉప్పు మన వంటింటి ఉప్పు ఒక్కటే కాదు, అందులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. వర్షాకాలంలో డబ్బాలోని రాళ్ల ఉప్పు చెమ్మగిలుతుంది కదా, అలాగ. అంటే వాన పడకపోయినా, మంచు కురవకపోయినా, బీచ్ రోడ్డు పక్కన పెట్టిన బండి రాత్రంతా పల్చటి ఉప్పునీటి పొరలో తడుస్తూనే ఉంటుంది. ఉప్పునీరు తుప్పును పరుగెత్తిస్తుంది. హైదరాబాదులో పదేళ్లు నిలిచే క్రోమ్ సైలెన్సరు ఇక్కడ రెండు మూడేళ్లకే చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టడం నేను ఎన్నో సార్లు చూశాను. క్రోమ్ అంటే ఇనుము మీద నికెల్, దాని మీద మహా పల్చటి క్రోమియం పూత. ఆ పూతలో సూదిమొనకంటే చిన్న రంధ్రాలుంటాయి. ఉప్పునీరు వాటిలోంచి దిగుతుంది.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే రోడ్డు మీద పోటు వేళ అలలు రోడ్డు మీదికి వచ్చి కొడతాయి. ఆ దారిన రోజూ వెళ్లే అన్నదమ్ములకు నేను చెప్పేది ఒక్కటే. ఇంటికి రాగానే రెండు బకెట్లు మంచినీళ్లు బండి మీద కుమ్మరించండి. షాంపూ అక్కర్లేదు, తుడవక్కర్లేదు. ఉప్పు నీళ్లలో కరిగి పోతుంది. ఆ రెండు బకెట్లే అన్ని పాలిష్‌ల కంటే గొప్ప రక్షణ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. తుపాను గాలి సముద్రపు నీటిని ఊరి మీద చిలకరించింది. చెట్లన్నీ ఆకు లేకుండా మోడులై నిలబడ్డాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. తాగడానికే నీళ్లు లేనప్పుడు బండి ఎవరు కడుగుతారు? ఎవరినీ తప్పు పట్టలేం. పడిపోయిన బళ్లు, ఉప్పునీళ్లలో తడిసిన బళ్లు అలాగే ఎండాయి. ఆ దీపావళి దాటాక నా షెడ్డు ముందు వరసలు కట్టాయి. గుద్దుకున్న బళ్లు పైకి గాయాలతో వచ్చాయి, బాగుచేశాను. పైకి ఏ దెబ్బా లేని బళ్లు మాత్రం ఏడాది తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, లోపలి నుంచి పొక్కులతో. వీటిని బాగుచెయ్యడమే కష్టమైంది.

కవర్ల మాటకు వస్తాను. బండి మీద కప్పే పట్టా గాలి ఆడే గుడ్డది అయితే మంచిదే. ఎండ దెబ్బను కాస్తుంది. రామగుండంలో, విజయవాడలో మే నెల ఎండకు ఎర్ర రంగు వెలిసిపోవడం, నల్ల ప్లాస్టిక్ బూడిద రంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. కానీ ప్లాస్టిక్ పట్టా గాలి ఆడనివ్వదు. కింద నేలలోంచి వచ్చే చెమ్మ అంతా లోపలే ఉండిపోతుంది. తడి బండి మీద కప్పితే మరీ ఘోరం. దుమ్ము బండి మీద కప్పితే గాలికి పట్టా కదిలినప్పుడల్లా ఇసుక రంగును గీకుతుంది. ఇంటి వరండా నీడ దొరికితే ఏ పట్టా అక్కర్లేదు. ట్యాంకు కవరు మాత్రం తీసెయ్యండి. దాని వల్ల ఒక్క మేలు కూడా నేను చూడలేదు. మీ ప్యాంటు జిప్పు, బెల్టు బకిల్ తగిలి ట్యాంకు వెనక గీతలు పడతాయని భయమైతే, ఆ చోట ఒక చిన్న రబ్బరు ప్యాడు అతికించుకోండి. తాళం చెవికి వేలాడే ఇనుప బొమ్మలు, గంటలు కూడా తీసెయ్యండి. బండి నడిచినంతసేపూ అవి హ్యాండిలు దగ్గర రంగును కొడుతూనే ఉంటాయి.

బండి మీద బరువులు మోసేవాళ్లు ఉన్నారు. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, గ్యాసు బండలు. వాళ్లకు రంగు గురించి చెప్పడానికి నాకు మనసొప్పదు, వాళ్ల బతుకు ఆ బండి మీద ఉంది. అయినా ఒక్క మాట. ప్లాస్టిక్ తాడు నేరుగా రంగుకు ఆననివ్వకండి. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి తాడు కింద పెట్టండి. బండి ఎక్కువ కాలం ఉంటే ఆ డబ్బు మిగిలేది మీకే.

రైలు పార్సిల్లో బండి పంపే పిల్లలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. గోనెసంచి నేరుగా ట్యాంకుకు చుడితే, ఆ ప్రయాణమంతా గోనె రంగును రాస్తూనే ఉంటుంది. ముందు శుభ్రంగా కడిగి, ఉతికిన పాత పంచె చుట్టి, దాని మీద అట్ట, దాని మీద గోనె.

ఇక రంగును తినేసే ద్రవాల సంగతి. పిట్ట రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు రంగు పొర వేడెక్కి మెత్తబడినప్పుడు రెట్ట దానిలోకి దిగుతుంది, సాయంత్రం చల్లబడ్డాక అక్కడ ముద్ర మిగులుతుంది. వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది, కానీ కాకులకూ అదే ఇల్లు. రెట్ట పడితే గీకవద్దు. తడి గుడ్డ దాని మీద పరిచి ఐదు నిమిషాలు నాననివ్వండి, మెత్తగా ఎత్తెయ్యండి. బంకులో పెట్రోలు ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. ట్యాంకు అంచుదాకా నింపవద్దని బంకు కుర్రాడికి ముందే చెప్పండి. అన్నిటికంటే ప్రమాదం బ్రేక్ ఆయిలు. డిస్క్ బ్రేకులో పోసే ఆ ద్రవం రంగును ఉడికించినట్టు ఊడదీస్తుంది. మెకానిక్ చేతి నుంచి ఒక్క చుక్క ట్యాంకు మీద పడినా, మాటల మధ్యలో చూద్దాంలే అనుకోకండి. అక్కడికక్కడే నీళ్లు పోయండి. అది నీళ్లలో కలుస్తుంది.

దసరా ఆయుధపూజ నాడు బండికి పసుపు, కుంకుమ, గంధం పెట్టడం మన ఇంటి సంప్రదాయం. నేను కూడా నా స్ప్రే గన్నులకు పెడతాను. తప్పకుండా పెట్టండి. మర్నాడు పొద్దున మాత్రం తడి గుడ్డతో తుడవండి. తెల్ల బండి మీద పసుపు ఎండలో నిలిచిపోతే మరక పట్టుకుంటుంది. నిమ్మకాయ చక్రం కింద చితికినప్పుడు రసం రిమ్ము మీద చిందుతుంది, అదీ కడిగెయ్యండి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఈ టెఫ్లాన్, సెరామిక్ కోటింగులు వేయించుకోవాలా? టెఫ్లాన్ అంటే పెనానికి పూసేది. అది కరగాలంటే 327 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి బండి రంగు మాడిపోతుంది. అందుకని ఆ పేరుతో బండికి పెట్టేది చాలావరకు మంచి పాలిష్ మాత్రమే. మీరు ఆదివారం అరగంట కూర్చుని మైనం పూసుకుంటే అదే ఫలితం. సెరామిక్ కోటింగు నిజంగానే గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ రాయి దెబ్బను ఆపుతుందంటే నమ్మకండి. మైక్రాన్ల మందం పొర రాయిని ఎలా ఆపుతుంది? రాయిని ఆపేది పీపీఎఫ్ అనే మందపాటి ప్లాస్టిక్ పొర. ఖరీదు ఎక్కువ. మొత్తం బండికి అక్కర్లేదు, ట్యాంకు పక్కలు, హెడ్‌లైటు చుట్టూ వేయించుకుంటే చాలు. షోరూమ్ నుంచి వచ్చిన పల్చటి పొరా ఇదీ ఒకటి కావు. ఆ పొరను మొదటి వారంలోనే తీసెయ్యాలి.

రబ్బింగ్ కాంపౌండుకూ, పాలిష్‌కూ, మైనానికీ తేడా తెలుసుకోండి. కాంపౌండు గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత లోతుకు అరగదీస్తుంది. అర కాగితంలో ఎన్నిసార్లు అరగదీస్తారు? టూత్‌పేస్టుతో గీతలు పోతాయని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. అదీ అరగదీయడమే. మైనం ఒక్కటే పొరను పెంచుతుంది, తగ్గించదు. రెండు నెలలకోసారి పూస్తే చాలు. మ్యాట్ రంగు బండి అయితే మైనమూ వద్దు, పాలిష్ అసలే వద్దు. మ్యాట్ పొర పైభాగం కావాలనే గరుకుగా చేసి ఉంటుంది. రుద్దిన చోట అది నున్నబడి మెరుపు మచ్చ పడుతుంది. ఆ మచ్చను నేను కూడా పోగొట్టలేను, మళ్లీ రంగు వెయ్యాల్సిందే.

గీత పడితే గోరుతో అడ్డంగా తడిమి చూడండి. గోరు తట్టుకోకపోతే భయం లేదు. గోరు ఆగితే, లోపల బూడిద రంగో ఇనుమో కనిపిస్తే, ఆ వారంలోనే మూసెయ్యాలి. కొన్ని బళ్ల మీద స్టిక్కరులో రంగు కోడు ఉంటుంది, ఆ కోడుతో చిన్న టచప్ సీసా దొరుకుతుంది. తుప్పు అప్పటికే పడి ఉంటే దాని మీద రంగు వెయ్యకండి. సన్నటి వాటర్ పేపరుతో మెరిసే ఇనుము కనిపించేదాకా తుప్పంతా తీసి, ఆరనిచ్చి, ప్రైమరు వేసి, తర్వాతే రంగు. తుప్పు మీద వేసిన రంగు రెండు వానలకు ఊడుతుంది. ఏమీ దొరక్కపోతే ఇంట్లో రంగులేని గోళ్ల రంగు ఉంటుంది, అది ఒక చుక్క పెట్టండి. తాత్కాలికంగా నీటిని ఆపుతుంది.

పాత బండి కొనేవాళ్లకు ఒక చిన్న ఉపాయం. ఫ్రిజ్ తలుపుకు పెట్టే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. ఇనుప ట్యాంకు మీద జరుపుతూ చూడండి. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ కింద లప్పం మందంగా ఉంది. అంటే అక్కడ సొట్టో, తుప్పో దాచారు. ప్లాస్టిక్ ప్యానెల్ మీద ఎలాగూ పట్టదు, దానికి కంగారు పడకండి.

సైలెన్సరు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. సైలెన్సరు బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. పక్క వీధిలో కూరగాయలకు, ఆపైన బడికి, ఇలా చిన్న చిన్న పనులకే వాడే బండిలో సైలెన్సరు వేడెక్కే లోపే ఇంజను ఆగుతుంది. నీళ్లు లోపలే నిలిచి, లోపలి నుంచి తింటాయి. పైన ఎంత తుడిచినా లాభం లేదు. వారానికి ఒకసారి ఒక ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి.

మాస్టారి బండి ట్యాంకు మొత్తం ఊడదీసి, తుప్పు తీసి, ప్రైమరు నుంచి మళ్లీ రంగు వేశాను. కొత్త రంగు కాబట్టి నెల రోజులు మైనం పెట్టొద్దని మనవడికి చెప్పాను. లోపలి ద్రావకం పూర్తిగా ఆరాలి. ఆ కుర్రాడు ట్యాంకు కవరు కొనలేదు. ఈ మధ్య కనిపించాడు, ట్యాంకు నున్నగా ఉంది.

రేపు పొద్దున మీ బండి సీటు కింద ఉన్న ఆ గుడ్డ ముక్కను తీసి పారేయండి. వంగి వెనక మడ్‌గార్డు కింద వేళ్లు పెట్టి చూడండి. చెమ్మగా మట్టి తగిలితే, ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైనా సరే, ముందు అక్కడ నీళ్లు కొట్టండి.